పేరు, తండ్రి పేరు

పది దాటి రెండు నిమిషాలైంది. గ్రంథాలయం అమ్మాయి పదకొండింటికి వ్యాను తీసుకుని వస్తానంది. ముందుగదిలో ఇరవై ఆరు అట్టపెట్టెలున్నాయి, ఇరవై మూడు నింపడం అయిపోయింది. అక్క కింద కూర్చుని పాత వారపత్రికలను పాతికేసి చొప్పున లెక్కపెట్టి, అంచులు నేలకు తట్టి సమానం చేసి, తాడు వేసి బిగిస్తోంది. నేను కుర్చీలో కూర్చుని కట్టల మీద అంటించడానికి సంవత్సరాల చీటీలు రాస్తున్నాను. రాస్తున్నానన్న మాటే గాని ఇందాకటి నుంచి ఒకే సంవత్సరం రాస్తున్నాను. అవి నాలుగు తయారయ్యాయి. అక్క వాటి వంక చూసి, చూపు తిప్పుకుని, "ఈ కట్టకి తాడు చాలదు, ఇంకొకటి ఇవ్వు" అంది. ఇచ్చాను. ఆమెకు డెబ్బై, నాకు అరవై ఆరు. ఈ గంటలోగా ఆమెతో ఒక మాట చెప్పాలి. ఆ మాటకు గంట అక్కర్లేదు, అర నిమిషం చాలు. యాభై ఆరేళ్ళుగా ఆ అర నిమిషమే దొరకలేదు.

నిన్న సాయంత్రం ఆ అమ్మాయి ఫోను చేసింది. "మీ జాబితాలో ఒక్క సంచిక మాత్రం లేదని రాశారు కదండీ, అది మాకు వేరే ఆయన దగ్గర దొరికింది. అందులో నవ్వుల పేజీలో ఒక జోకు భలే ఉందండీ. ప్రదర్శనలో పెద్దది చేసి గోడకు పెడుతున్నాం. జోకు పంపినాయన ఇంటిపేరు మీదే, మీ చుట్టాలా?" చూసి చెబుతానన్నాను. చూడవలసిందేమీ లేదు. ఆ సంచిక నా దగ్గర లేదనడం అబద్ధం. పదకొండు ప్రతులున్నాయి, బీరువా అడుగున రేకు డబ్బాలో. ఆ జోకు కింద అచ్చయింది మా నాన్నగారి పేరు. ఆ జోకు మా అక్క మీద. అది ఆయనే రాశారనుకుని అక్క ఆయనతో పందొమ్మిదేళ్ళు, ఆయన పోయేదాకా, మాట్లాడలేదు. రాసింది నేను. అప్పుడు నాకు పదేళ్ళు. ఇంత చిన్న సంగతి. ఇప్పుడది గోడంత పెద్దదై, నాన్నగారి పేరు కిందపెట్టుకుని, వచ్చే పోయే జనం ముందు నిలబడబోతోంది.

పొద్దున ప్రార్థనలో ధైర్యం అడిగాను. రోజూ అడిగేవాటిలో అది లేదు కనుక దేవుడికి కొత్తగా తోచి ఉంటుంది. ఆరోగ్యం అడుగుతాను, ఇంటిల్లిపాదికీ మంచి బుద్ధి అడుగుతాను, క్షమించమని కూడా అడుగుతాను గాని దేనికో చెప్పను. ఆయనకు తెలుసు గదా అని. ఆయనకు తెలిసినంత మాత్రాన అక్కకు తెలియదన్నది ఇవాళ పొద్దుటే, కళ్ళు మూసుకుని ఉండగా, మొదటిసారి తట్టింది. దేవుడికి చెప్పుకున్నవాడు మనిషికి చెప్పనక్కర్లేదని ఎక్కడా రాసి లేదు. నేను చదివినంతలో లేదు. నేను చదివింది పదో తరగతి వరకే, పైన చదివినవాళ్ళకు ఎక్కడైనా కనిపించి ఉంటే చెప్పాలి.

మొదటి ప్రతి నాకు దొరికినప్పుడు ఇరవై మూడేళ్ళు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనిలో కొత్తగా చేరాను. దుకాణం వెనక సందులో పాత కాగితాల కొట్టుండేది. అద్దాలు చుట్టడానికి కాగితం తెమ్మంటే వెళ్ళాను, కట్ట విప్పితే పైన అదే. ముఖచిత్రం మీద గొడుగు పట్టుకున్న అమ్మాయి, గొడుగు చివర ఒక పిచ్చుక. పదమూడేళ్ళు గడిచినా, ఎన్నో ఏళ్ళ తర్వాత దూరపు బంధువు ఎదురైనట్టు వెంటనే పోల్చుకున్నాను. ఇంటికి తెచ్చి దాచాను. చింపెయ్యవచ్చు. చింపలేదు. నా జన్మలో నాది అచ్చయింది అదొక్కటే, పేరు నాది కాకపోయినా మాటలు నావి. తర్వాత వేరే కొట్లో ఇంకొకటి కనిపించింది. అదొక్కటే అడిగితే కొట్టువాడు ఏమనుకుంటాడోనని దాని ముందు నాలుగూ, వెనక నాలుగూ కలిపి తెచ్చుకున్నాను. అసలు దానిని డబ్బాలో పడేసి, పక్కవాటిని ఊరికే తిరగేశాను. అక్కడ పట్టుకుంది. ఒకటి దాచడానికి నాలుగు వేలు పోగుచేశానని ఎవరికీ తెలియదు. ఊళ్ళో నాకు పాత పత్రికలాయన అని పేరు.

వాటిలో ఏముందంటే ఏం చెప్పను. చీలమండల దాకా జుట్టున్న స్త్రీ పక్కన ఆమెలో సగం ఎత్తున్న తలనూనె సీసా. రేడియో చుట్టూ తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు, పెంపుడు కుక్క, అందరూ పెళ్ళి ఫొటోకు నిలబడ్డట్టు. ఒకే మందు, నరాల నీరసానికీ నిద్రలేమికీ వ్యాపారంలో నష్టానికీ. పాఠకుల ప్రశ్నల్లో ఒకాయన ఎత్తు పెరిగే మార్గం అడిగాడు, సంపాదకుడు ఎత్తు తక్కువ స్నేహితులను చూసుకోమన్నాడు. ఇవి అచ్చయినవి. అచ్చు కానివి ఇంకా బాగుంటాయి. పాత సొంతదారులు అంచుల్లో రాసుకున్నవి. చాకలి పద్దు, పరీక్ష నంబరు, ఎవరిదో కొలత, నటి పళ్ళకు ఎవరో పూసిన సిరా. ఒకాయన రెండేళ్ళ పాటు ప్రతి జోకు పక్కనా పదికి ఇన్ని అని మార్కులు వేశాడు. ఆరు దాటనివ్వలేదు. ఆయన ఇంట్లోవాళ్ళు ఎలా బతికారో అనుకునేవాణ్ణి. ఒక బొమ్మలో ఆఫీసు మొత్తం బల్లల మీద తలలు వాల్చి నిద్రపోతుంటే, మూలనున్న ఒక్కడు టైపు కొడుతుంటాడు, పక్కవాడు కన్ను సగం తెరిచి, "నెమ్మదిగా కొట్టవోయ్, మేనేజరుగారు లేస్తారు" అంటాడు. దానికి ఆయన అయిదు వేశాడు. నేనైతే ఏడు వేద్దును.

మనుషులు దేనికి నవ్వారో చూస్తూ పోతే కొన్నాళ్ళకు నవ్వు రావడం తగ్గి, ఒక రకమైన లెక్క పట్టుబడింది. చెవిటాయన నెలకు రెండుసార్లు వస్తాడు. బట్టతల వారం వారం. అత్తగారు ప్రతి పేజీలో. ఇరుగింటి పేపరు అరువడిగే పొరుగాయన, చెప్పింది ఒకటైతే చేసేది ఇంకొకటైన పనిమనిషి, లావుపాటి భార్య, పిరికి మొగుడు. నత్తివాడు మూడు సంచికలకు ఒకసారి తప్పకుండా. నవ్వినవాళ్ళంతా చెడ్డవాళ్ళా అంటే, అదే కాగితం వెనక్కి తిప్పితే భూకంప బాధితులకు దుప్పట్లు పంపినవాళ్ళ జాబితా, నాలుగు నిలువు వరుసలు. దుప్పటి పంపిన చెయ్యే కాగితం తిప్పి నత్తివాణ్ణి చూసి నవ్వింది. ప్రతి ఇంట్లోనూ ఒక చెవిటి ముసలాయనో, మాట తడబడే పిల్లో ఉండే ఉంటారు. ఇంట్లో ఉన్నవాళ్ళను చూసి నవ్వలేక పేజీలో ఉన్నవాళ్ళను చూసి నవ్వారేమో. పేజీలో ఉన్నవాళ్ళు ఎవరి ఇంట్లోనో ఉన్నవాళ్ళేనని తోచి ఉండదు. దేవుడు ఇవన్నీ చదివే ఉంటాడు. ఆయన మార్కులు ఎలా వేస్తాడో.

వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ తొంగిచూసింది. "ఇంకా మూడు పెట్టెలేనా? నమ్మకం కుదరడం లేదు. ఈ ఇంట్లో నాకన్నా ముందు వీటికి మంచం దొరికింది" అంది. అక్క నవ్వి, "ఇవాళ నీ మంచం నీకు ఇప్పిస్తాంలే" అంది. "మీ తమ్ముడు రాత్రికి అట్టపెట్టె లేక నిద్ర పట్టదంటాడు చూడండి వదినా." "జోకులు చెప్పి జోకొట్టు." "అబ్బే, ఆయన జోకుల్లో నవ్వొచ్చినవాటికన్నా చెదలొచ్చినవే ఎక్కువ." ఇద్దరూ నవ్వుకున్నారు. ఈ ఇంటికి వచ్చి నలభై ఏళ్ళైనా మా ఆవిడ గమనించనిదొకటి నేను ఎప్పుడూ గమనిస్తూనే ఉంటాను. అక్క మాటల్లో ర ఉండదు.

ఉండదంటే, పలకదు. చిన్నప్పుడు ర అనబోతే ల వచ్చేది. కారు కాలయ్యేది, కూర కూల. "మాస్టాలి కాలు విలిగింది" అని పరుగెత్తుకొస్తే అమ్మ పరామర్శకు బయల్దేరింది, తీరా చూస్తే మాస్టారి కాలు నిక్షేపంగా ఉంది, విరిగింది ఆయన కారు. ఇంట్లో అది ఒక ముద్దు. నాన్నగారిని నాన్నగాలూ అనేది, ఆయన బోర్డు రాస్తూ రాస్తూ కుంచె పక్కన పెట్టి, "ఏమిటి తల్లీ" అనేవారు. పద్నాలుగో ఏట ఆ ముద్దు ఆగిపోయింది. అప్పటినుంచి ర ఉన్న మాటలను చుట్టు తిరిగి వెళ్ళడం నేర్చుకుంది. కారు అనదు, బండి అంటుంది. నూరు అనదు, వంద అంటుంది. రెండు కావాలంటే జత అడుగుతుంది. వారంలో ఏడు రోజుల పేర్లకూ చివర ర ఉంది గదా, అందుకని సెలవునాడు అని, సెలవు మర్నాడు అనలేక సెలవయ్యాక అని అంటుంది. రేపు అనడానికి "ఎల్లుండి ముందునాడు" అంటే ఆసుపత్రిలో కొత్తగా వచ్చినవాళ్ళు వేళ్ళు లెక్కపెట్టుకునేవారు. రక్తపరీక్షల గదిలో పనిచేసింది, ముప్పై నాలుగేళ్ళు. గాజుపలక మీద చుక్క, పైన సూక్ష్మదర్శిని, మాటలతో పని తక్కువ. బావ కూడా తక్కువ మాటల మనిషే, ఉన్నన్నాళ్ళూ ఇద్దరికీ కుదిరింది.

అన్నిటికీ దారి దొరికింది గాని మర్యాద దగ్గర దొరకలేదు. మన మర్యాదంతా ర మీద నిలబడి ఉంది. మీరు, గారు, వచ్చారు, కూర్చున్నారు. ఎదురుగా ఉన్నంతసేపూ కూచోండి, చూడండి అంటూ అండితో నెట్టుకొచ్చేది. మనిషి పక్కకు వెళ్ళగానే "పెద్ద డాక్టరుగారు వచ్చారు" అనలేక "పెద్దాయన వచ్చాడు, వెళ్ళాడు" అనేది. పెద్దాచిన్నా లేదు, పొగరు అన్నారు. ఆ మాట ఆమె చెవిన పడ్డా సవరించుకోలేదు, పొగరు అన్న మాటలోనూ ర ఉంది, కాదని చెప్పడానికి కూడా నోరాడదు. అమ్మ, నాన్న, తమ్ముడు, దేవుడు, ఈ మాటల్లో ర లేకపోవడం ఆయన దయేమో అనుకుంటాను ఒక్కోసారి. అంత దయగలవాడు నాలుకను ఇంకాస్త సరిగ్గా తిప్పి ఉంటే పోయేది గదా అని కూడా అనుకుంటాను, వెంటనే చెంపలేసుకుంటాను.

నాన్నగారు దుకాణాల బోర్డులు రాసేవారు. ఊళ్ళో సగం పేర్లు ఆయన చేతివే. ఒకసారి సబ్బుల ఏజెన్సీ ఆయన తన బోర్డు చూసుకోవడానికి ఇంటికి వచ్చి, మంచినీళ్ళు తెచ్చిన అక్కను పేరు అడిగాడు. చెప్పింది. మంచి పేరు, పాతకాలపు పేరు, ఎవరు పెట్టారమ్మా అన్నాడు. అక్క పొంకంగా నిలబడి, "మా నాయనమ్మ పేలే నాకు పెట్టాలు" అంది. ఆయన ఒక్క క్షణం ఆగి నీళ్ళు పొలమారేలా నవ్వాడు. నాన్నగారు కూడా నవ్వారు. ఆయన నవ్వడం చూసి అక్కా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా. నేను అలమార పక్కన ఉన్నాను. ఆ వారమే వారపత్రిక నవ్వుల పేజీలో, మీ ఇంటి నవ్వులు మాకు పంపండి, అచ్చయినవారికి ఆరు నెలలు ఉచితం అని వేశారు. కార్డు ముక్క మీద రాశాను. వచ్చినాయన ఏమన్నాడు, పిల్ల ఏమంది, అంతే, ఒక్క మాట చేర్చలేదు, తీసెయ్యలేదు. బడిలో ఏ కాగితం ఇచ్చినా కింద రెండు వరుసలు విడిగా రాయాలని మాస్టారి నియమం. లేకపోతే దిద్దకుండా వెనక్కి ఇచ్చేవారు. కనుక కార్డు కింద కూడా, పేరు అని నా పేరు, దాని కింద తండ్రి పేరు అని నాన్నగారి పేరు, గీత గీసి చక్కగా రాశాను.

పత్రికవాళ్ళు కింది వరుస తీసుకున్నారు. ఎందుకో ఇప్పటికీ తెలియదు. పై వరుసకు చోటు చాలలేదో, చివర ఉన్నదే సంతకం అనుకున్నారో, పిల్లవాడు రాసింది అనిపిస్తే బాగుండదనుకున్నారో. పైగా బొమ్మ వేశారు. ఒక నాయనమ్మ తన తలలోంచి రెండు వేళ్ళతో తీసి మనవరాలి తలలో పెడుతున్నట్టు. మాట కన్నా ఆ బొమ్మే బడికి వెళ్ళింది. అక్క తరగతిలో అడుగుపెట్టగానే నలభై మంది తల గోక్కున్నారట. రోజూ ప్రార్థన చదివించే పిల్ల, ఆ రోజు నిలబడి, నోరు తెరిచి, కూర్చుంది. మరి చదవలేదు. నేను ఏం చేశానంటే ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో ఇప్పుడు నెమ్మదిగా చెప్పగలను. నా పేరు వెయ్యలేదని. ఉచిత సంచిక నాన్నగారి పేరున వచ్చిందని. అమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని, "చూడు, అక్కంటే వీడికి ఎంత ప్రాణమో" అంది. అక్క కూడా అది విని నా వైపు చూసింది. ఆ చూపు మీద యాభై ఆరేళ్ళు బతికాను.

అమ్మ ఆ పేజీ నాన్నగారి ముందు పడేసి, "కన్నకూతురి మీదా మీ సరదా?" అంది. నాన్నగారు చదివారు. చదివి, తలెత్తి, తలుపు పక్కనున్న నన్ను చూశారు. తన దగ్గర కార్డు అడిగి తీసుకున్నది నేనేనని ఆయనకు గుర్తొచ్చినట్టుంది. "ఏదో, సరదాకి" అన్నారు. అంతే. ఆ రెండు ముక్కలు అక్క విన్నది. ఆ రోజునుంచి ఆయన అడిగినదల్లా చేసింది, మందు ఇచ్చింది, చొక్కా ఉతికింది, జ్వరమొస్తే కూర్చుంది, ఒక్క మాట మాత్రం ఆయన వైపు పోలేదు. నాతో మాత్రం గంటలు గంటలు. ఆసుపత్రి కబుర్లు, బావ సంగతులు, ఏ డాక్టరుకు ఏ పిచ్చి, ర లేకుండా ఎంత పెద్ద కథైనా చెప్పేది. పెళ్ళీడు వచ్చాక ఒకరోజు ధైర్యం చేసి నాన్నగారి దగ్గరకు వెళ్ళాను. నిచ్చెన మీద నిలబడి ఏదో మిఠాయి కొట్టు పేరు రాస్తున్నారు. చెప్పేస్తానన్నాను. ఆయన కిందికి చూడలేదు. "చెప్పకురా. దానికి ఇంట్లో మాట్లాడ్డానికి ఒకడైనా మిగలాలి గదా" అన్నారు. కుంచె రంగులో ముంచి, "మొదట నవ్వింది నేనే గదా" అని అక్షరానికి తలకట్టు పెట్టారు. ఆ రెండో మాట నాకోసం అన్నారో తనకోసం అన్నారో తేల్చుకోలేకపోయాను. నాకు అనుకూలంగా ఉంది గనుక మొదటి మాట పట్టుకున్నాను. ఆజ్ఞ పాటిస్తున్నానని దేవుడి ముందు కూడా చెప్పుకునేవాణ్ణి. ఆయన పోయాక కూడా పాటించాను, ముప్పై ఏడేళ్ళు. ఎవరూ అడగని ఆజ్ఞ.

పది నలభై. చివరి పెట్టె. అక్క నా ఒళ్ళోని చీటీల వైపు గడ్డంతో చూపించి, "ఈ ఏడాది మీద నీకింత ఇష్టమేమిటి? చీటీలు అయిదయ్యాయి" అంది. అవును, అయిదయ్యాయి. లేచి లోపలికి వెళ్ళి, బీరువా అడుగునుంచి రేకు డబ్బా తీసుకొచ్చి ఆమె ముందు పెట్టాను. మూత బిగుసుకుపోయింది. అక్కే చెంచా కాడ దూర్చి తీసింది. పదకొండు గొడుగులు, పదకొండు పిచ్చుకలు. ఒకటి పైకి తీసి, కింద ఇంకొకటి, దాని కింద ఇంకొకటి చూసింది.

"ఒకటే ఇన్నెందుకు కొన్నావు?"

"కనపడకుండా ఉంటాయని. అక్కా, ఆ జోకు నాన్నగారు రాయలేదు. నేను రాశాను. కార్డు మీద నా పేరు, కింద తండ్రి పేరు రాస్తే వాళ్ళు కిందిది వేశారు."

అర నిమిషం కూడా పట్టలేదు. అక్క చేతిలో సగం వేసిన ముడి ఉంది. దాన్ని పూర్తిగా బిగించి, మిగిలిన కొస కత్తిరించి, కత్తెర పక్కన పెట్టి, అప్పుడు కళ్ళజోడు పెట్టుకుంది. అద్దాలు నేను అరగదీసినవే. ముప్పై నాలుగో పేజీ వెతకనక్కర్లేకుండా తెరుచుకుంది. చదివింది. చదవడానికి రెండు వరుసలే ఉన్నా చాలాసేపు చదివింది. నేను గోడ గడియారం వంక చూడకూడదనుకుని పెట్టెల మీది అంకెలు చూశాను. పద్నాలుగు, పదిహేను, పదహారు. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, రెండిటికీ సిద్ధపడి ఉన్నాను. ఏ పేజీలోనైనా అలాగే జరుగుతుంది గదా.

"బొమ్మ బాగా వేశాడు" అంది. తర్వాత, "నాన్నకి తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"చదివిన నిమిషం నుంచి."

ఆమె పత్రిక మూసి ఒళ్ళో పెట్టుకుంది. వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు. మా ఆవిడ రెండు కప్పుల టీతో గుమ్మం దాకా వచ్చి, మా ఇద్దరినీ చూసి, టీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. "పోయేముందు నన్ను చూసి ఏదో అనబోయాడు" అంది అక్క. "నేను కిటికీ వైపు చూశాను. కిటికీలో ఏమీ లేదు." అది నాతో అన్నట్టు లేదు. నేను ఏదో అనబోయాను, చెయ్యెత్తి ఆపింది. "నువ్వు కాసేపు అటు వెళ్ళు. నీ మొహం ఇప్పుడు నాకొద్దు." వెళ్ళి గుమ్మం పక్కన నిలబడ్డాను. దానికి మాట్లాడ్డానికి ఒకడు మిగలాలి అన్నారు. ఆ ఒకడూ ఇప్పుడు లేడు. ధైర్యమని పేరు పెట్టి పొద్దున నేను అడిగింది ఇదేనా, లేక గోడ మీదికెక్కబోతున్న పేరుకు భయపడి చేశానా. ఆ ఫోను రాకపోతే చేసేవాణ్ణి కాదు. దేవుడు ప్రార్థన విన్నాడా, టెలిఫోను చేయించాడా. రెండూ ఆయన పనే అయితే నాది ఏముంది ఇందులో. టీ మీద మీగడ కట్టడం మొదలైంది. అక్క పదకొండు సంచికలనూ అంచులు నేలకు తట్టి సమానం చేసింది, మిగతా కట్టల్లాగే. తాడు వేసింది. బిగించింది. చీటీకోసం చెయ్యి చాపి, నేను లేనని గుర్తొచ్చి, కుర్చీ మీద ఉన్న అయిదింటిలో ఒకటి తనే తీసుకుని అంటించింది.

బయట వ్యాను ఆగింది. గ్రంథాలయం అమ్మాయి చెప్పిన వేళకే వచ్చింది, చంకలో పొడుగాటి కాగితపు చుట్టతో, నవ్వుమొహంతో. పెట్టెలన్నీ చూసి అమ్మో అంది, ఇంత చక్కగా ఎవరూ ఇవ్వలేదంది. అక్క ముందున్న కొత్త కట్ట చూసి, "ఇది లేదన్నారుగా?" అని, జవాబు కోసం ఆగకుండా, "చూడండి, మీకే ముందు చూపిస్తున్నాను" అంటూ చేతిలో చుట్ట విప్పి గోడకు ఆనించి పట్టుకుంది. నాయనమ్మ నిలువెత్తున ఉంది. మనవరాలి తల గుమ్మడికాయంత. కింద రెండు వరుసలు, వాటి కింద జానెడు అక్షరాల్లో నాన్నగారి పేరు. ఊళ్ళో సగం పేర్లు రాసిన మనిషి పేరు అంత పెద్ద అక్షరాల్లో ఎప్పుడూ ఎవరూ రాయలేదు. "మా ఆఫీసులో అందరం పగలబడి నవ్వామండీ. ఈయన మీకు ఏమవుతారు?" అని నన్ను అడిగింది.

"మా నాన్న..." అన్నాను. తర్వాతి మాట చెప్పాలి. నోరు తెరిచే ఉంది.

అక్క గోడ పట్టుకుని లేచింది. మోకాళ్ళు సర్దుకోవడానికి కొంచెం ఆగి, ఆ కాగితం దగ్గరకు నడిచి, కింది అక్షరాల మీద వేలు పెట్టింది. రెండో తరగతి పిల్ల పలక మీద వేలు పెట్టినట్టు. ఏ దారిన చుట్టు తిరిగి వస్తుందో, ఆ మాటకు బదులు ఏ మాట వేస్తుందో నాకు అలవాటే కనుక ముందే వెతుకుతున్నాను. సంతకం అనవచ్చు. ఈ మనిషి కాదు అనవచ్చు.

"గోడ మీద పెట్టుకో అమ్మా, ఫల్వాలేదు" అంది. "కాని ఇక్కడ పేలు తప్పు పడింది, మాల్చు."

ఆ అమ్మాయి మొహంలో నవ్వు ఇంకా ఉంది. అక్క వంక చూసి, కాగితం మీద రెండు వరుసలు చూసి, మళ్ళీ అక్క వంక చూసేసరికి అది లేదు. చుట్ట పట్టుకున్న చెయ్యి దించబోయింది. అక్క దించనివ్వలేదు, వేలు అక్కడే ఉంచింది, నా వైపు తల తిప్పకుండా మోచేత్తో నన్ను చూపించింది.

"లాసింది వీడు. మా నాన్నగాలు కాదు."